సగానికి పడ్డ కార్డులు మళ్లీ లేస్తాయా?

చదివేవారందరికీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను. మీది హనుమకొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో. చేతిలో మూడు లక్షల రూపాయలున్నాయి. 2021లో కళ్లు తిరిగే ధరలు పలికిన అమెరికా బాస్కెట్‌బాల్ కార్డులు ఇప్పుడు సగానికి, కొన్నయితే పదో వంతుకు దొరుకుతున్నాయి. వాటితో పాటు సీలు తీయని ఐపీఎల్ కార్డుల పెట్టెలు కూడా తీసుకోమని ఒక వ్యాపారి మిమ్మల్ని ఒప్పిస్తున్నారు. పడ్డ బజారు ఎప్పటికైనా లేవక తప్పదు కదా, ఇప్పుడే కొని దాచుకుంటే తప్పేమిటి అన్నది మీ వాదన. అమ్మగారి ఇంట్లో ఉన్న పాత ట్రంప్ కార్డుల డబ్బా సంగతి కూడా అడిగారు.

సీలు తీయని ఐపీఎల్ పెట్టెలు వద్దు. పదివేల సంఖ్యలో చలామణిలో ఉన్న కొత్త ఆటగాళ్ల కార్డులు అంతకన్నా వద్దు. మీకు నిజంగా ఇష్టమైన ఆటగాడి కార్డు ఒకటో రెండో కొనుక్కుంటే కాదనను. కానీ దాన్ని పెట్టుబడి ఖాతాలో రాయకండి. హనుమకొండలో నాణేలు, తపాలా బిళ్లలతో మొదలుపెట్టి తరువాత కార్డుల్లోకి కూడా వచ్చిన దుకాణదారుణ్ని నేను. సరుకు కొనేటప్పుడే దాన్ని ఎవరికి అమ్ముతానా అని ఆలోచించే అలవాటుంది. నా జవాబంతా ఆ అలవాటులోంచే వస్తోంది.

పడ్డది లేవక తప్పదన్న నమ్మకం మీకు షేర్ల బజారు నుంచి వచ్చినట్టుంది. అక్కడ షేరు వెనక ఒక కంపెనీ ఉంటుంది, అది సరుకు అమ్ముతుంది, లాభం తెస్తుంది. కార్డు ఏమీ తేదు. అద్దె రాదు, వడ్డీ రాదు. తరువాత కొనేవారు ఎంత ఇస్తే అదే దాని విలువ. కాబట్టి చూడాల్సినవి రెండే: కొనేవారు ఎంతమంది వస్తారు, అమ్మకానికి ఎన్ని కార్డులు వస్తాయి. మొదటిదాన్ని అందరూ చూస్తారు. ఆట ఎలా ఉంది, ఆటగాడు ఎలా ఆడుతున్నాడు, కుర్రవాళ్లలో మోజు ఎంత ఉంది అని లెక్కలు వేస్తారు. ఈ వ్యాపారంలో ప్రతి పతనానికీ అసలు కారణం రెండోదాంట్లో ఉంది. ధర పెరగడమే సరుకును పుట్టిస్తుంది, కాకపోతే ఆ సరుకు బజారుకు చేరడానికి కొంత కాలం పడుతుంది. ఆ ఆలస్యంలోనే జనం మోసపోతారు.

మన వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌ను చూసినవారికి ఇది కొత్త కాదు. ఒక ఏడు మిర్చి ధర పేలుతుంది. అది చూసి వానాకాలంలో పత్తి తగ్గించి మిర్చి నారు వేస్తారు. పంట చేతికి వచ్చేది తరువాతి జనవరి తరువాతే. ఈలోగా ధర ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే కొత్త పంట ఇంకా రాలేదు. అందరి పంటా ఒకేసారి యార్డుకు చేరుతుంది, దానికి తోడు కోల్డ్ స్టోరేజీల్లో దాచిన పాత సరుకు కూడా బయటికొస్తుంది. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో రైతుల కోపం కట్టలు తెంచుకున్నది ఇలాంటి పతనంలోనే. ఆ ఏడాది మిర్చి తినేవారేమీ తగ్గలేదు. కార్డుల కథలో కూడా ఒక పంటకాలం ఉంది, కోల్డ్ స్టోరేజీలూ ఉన్నాయి.

అమెరికాలో బేస్‌బాల్ కార్డులు మొదట సిగరెట్ పెట్టెల్లో వచ్చేవి. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు ఉంది. తన బొమ్మ వేయడానికి ఆయన ఒప్పుకోకపోవడంతో ముద్రణ ఆపేశారు. ఇప్పటికి బయటపడినవి కొన్ని పదులు మాత్రమే. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. తరువాత కార్డులు బబుల్‌గమ్‌తో వచ్చాయి. టాప్స్ కంపెనీ 1952లో వేసిన వరుసలో మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఉన్న చివరి విడత సీజను ముగింపులో బజారుకు వచ్చింది. పిల్లలు అప్పటికే అమెరికన్ ఫుట్‌బాల్ మీదకు మళ్లారు, సరుకు మిగిలిపోయింది. గోదాములో చోటు కోసం 1960లో ఆ మిగులును పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పడేశారు. పిల్లల దగ్గరున్నవి సైకిల్ చక్రాలకు తగిలించగా కొన్ని పోయాయి, ఇల్లు సర్దేటప్పుడు అమ్మలు పారేయగా కొన్ని పోయాయి. అవి దొరకకుండా పోయింది అప్పట్లో వాటిని ఎవరూ దాచాల్సినవిగా చూడలేదు కాబట్టి.

1970ల చివరికి, 1980లలో ఆ కార్డుల ధరలు పత్రికలకెక్కాయి. పారేసిన కాగితం ముక్క వేల డాలర్లు చేస్తోందని చదివిన తండ్రులు ఏం చేశారు? కొత్త కార్డులు పెట్టెలకు పెట్టెలు కొని గరాజుల్లో దాచారు. కొడుకు కాలేజీ ఫీజుకు పనికొస్తాయనుకున్నారు. సరుకుకు కూడా కొరత లేదు. 1980 నాటి కోర్టు తీర్పుతో టాప్స్ గుత్తాధిపత్యానికి గండి పడింది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు దిగాయి. 1988లో స్కోర్, 1989లో హోలోగ్రామ్‌తో అప్పర్ డెక్ వచ్చాయి. అప్పర్ డెక్ తొలి వరుసలో ఒకటో నంబరు కార్డు కొత్త ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్‌ది. ఆ కార్డు కోసం దేశం ఊగిపోయింది. కార్డు ఎన్ని ప్రతులు వేశామో కంపెనీలు చెప్పేవి కావు. ఆ కాలపు గరిష్ఠ ముద్రణ ఏడాదికి 8,100 కోట్ల కార్డులని ఒక అంచనా ఉంది. అది కాస్త అతిశయం అనుకుని సగం తీసేసినా, అప్పటి అమెరికా జనాభాలో ఒక్కొక్కరికి నూట అరవై కార్డులు వస్తాయి.

ధరలను నమ్మించడానికి ఒక పుస్తకం కూడా దొరికింది. గణాంకశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ బెకెట్ 1984 నుంచి నెలనెలా ధరల పత్రిక వేశారు. ప్రతి కార్డు పక్కన ధర, పెరిగితే పైకి బాణం, తగ్గితే కిందికి బాణం. ఆయన పని ఆయన నిజాయితీగానే చేశారు. దాన్ని జనం చదివిన తీరులోనే తేడా వచ్చింది. పత్రికలోని ధరతో తమ దగ్గరున్న కార్డుల సంఖ్యను గుణించి, వచ్చిన మొత్తం తమ ఆస్తి అనుకున్నారు. దుకాణానికి తీసుకెళితే వ్యాపారి అందులో సగం కూడా ఇచ్చేవాడు కాదు, ఎందుకంటే అతని అరలో అవే కార్డులు అప్పటికే నిండుగా ఉన్నాయి. నా దుకాణంలో దీనికి మరో రూపం చూస్తుంటాను. ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటు పట్టుకొచ్చి, ఫోన్‌లో ఒక ప్రకటన చూపించి లక్షలు ఇమ్మంటారు. పాత నోట్ల పేరుతో రుసుములు గుంజే మోసగాళ్లు తన పేరు వాడుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా. ఆ నోట్లు పట్టుకుని వచ్చేవారు ఆగలేదు.

1991 ప్రాంతంలో అమెరికాలో కార్డుల అమ్మకం ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటింది. తరువాత దిగజారడం మొదలైంది. 1994 ఆగస్టులో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగారు, ఆ ఏడాది ఫైనల్సే రద్దయ్యాయి. చాలామంది పతనాన్ని ఆ సమ్మె ఖాతాలో వేస్తారు. నాకు అది ఒప్పదు. సమ్మె అంతమంది దగ్గరున్న పెట్టెలను ఒకేసారి తెరిపించింది, అంతే. సమ్మె లేకపోయినా అవి ఏదో ఒకరోజు తెరుచుకునేవే. 2000ల నడుమకు వచ్చేసరికి అమ్మకం ఇరవై కోట్ల డాలర్ల స్థాయికి పడింది, దుకాణాలు వేలల్లో మూతపడ్డాయి. 1990లో వచ్చిన చాలా వరుసల సీలు తీయని పెట్టెలు ఈ రోజుకీ అప్పటి ధరకు కొంచెం అటూ ఇటూగా దొరుకుతున్నాయి. ముప్పై అయిదేళ్ల తరువాత! డాలరు విలువ తగ్గుదల కలుపుకుంటే అది సగానికి సగం కన్నా ఎక్కువ నష్టం. పడ్డది లేవక తప్పదన్న మాటకు ఈ పెట్టెలే నా జవాబు. ఆ కాలపు సరుకులో కొన్ని మేలిరకం కార్డులు కోలుకున్నాయి, మిగతావి లేవలేదు, లేవడానికి కారణమూ లేదు.

ఇప్పుడు మాంటిల్ కార్డు దగ్గరకు తిరిగి రండి. 1991లో న్యూజెర్సీ వ్యాపారి ఒకరు న్యూయార్క్ ప్రదర్శనలో మంచి స్థితిలో ఉన్న 1952 మాంటిల్ కార్డును 50 వేల డాలర్లకు కొన్నారు. 2022 ఆగస్టులో హెరిటేజ్ అనే సంస్థ వేలంలో అది 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఏటా సగటున 19 శాతం పైమాటే. అదే 1991లో అదే 50 వేల డాలర్లు పెట్టి కొత్త పెట్టెలు కొన్నవారి సంగతి పైన చదివారు. ఇద్దరూ ఒకే బజారులో, ఒకే శిఖరం మీద కొన్నారు. తేడా అంతా ఒక్కదాంట్లోనే ఉంది: మాంటిల్ కార్డులు ఎంత ధర పలికినా కొత్తగా పుట్టవు. సముద్రంలో పడ్డవి తిరిగి రావు. కార్డుల స్థితికి 1 నుంచి 10 వరకు మార్కు వేసే పీఎస్‌ఏ సంస్థ నుంచి 10 గ్రేడు వచ్చిన ప్రతులు మూడే ఉన్నాయి.

పతనం నుంచి పరిశ్రమ ఒక పాఠం నేర్చుకుంది, కానీ దాన్ని తనకు అనుకూలంగా మలుచుకుంది. కార్డు మీద వరుస సంఖ్య వేయడం మొదలుపెట్టారు: 99 ప్రతుల్లో ఇది 12వది, 10లో ఇది 3వది, ఒకే ఒక్కటి. సంతకాలు వచ్చాయి, ఆటగాడు తొడిగిన జెర్సీ ముక్కలు వచ్చాయి. విడివిడిగా చూస్తే ప్రతిదీ అరుదే. కానీ ఒకే ఆటగాడికి ఒకే ఏడాది ఎరుపు, నీలం, బంగారు, వెండి అంచులతో వందల రకాలు. అన్ని రకాలూ కలిపి చూస్తే మళ్లీ కుప్పే. వ్యాపారి మీకు కార్డు మీది సంఖ్యను చూపిస్తారు. ఆ ఆటగాడికి ఆ ఏడాది మొత్తం ఎన్ని రకాలున్నాయో మీరు అడగాలి.

2020 వసంతం నుంచి వచ్చిన ఉప్పెన మీరు చూసినదే కాబట్టి దాని కారణాల మీద ఎక్కువ రాయను. లాక్‌డౌన్, ఇంట్లో ఖాళీ సమయం, ప్రభుత్వం పంపిన 1,200 డాలర్ల చెక్కులు, ఆటలు ఆగిపోయిన వేళ బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్ మీద వచ్చిన ధారావాహిక. ఈబే అనే ఆన్‌లైన్ బజారులో 2020లో కార్డుల అమ్మకం 142 శాతం పెరిగిందని ఆ సంస్థే ప్రకటించింది. జోర్డాన్ 1986 ఫ్లీర్ కార్డు, పీఎస్‌ఏ 10 గ్రేడు, 2020 మొదట్లో సుమారు 40 వేల డాలర్లు. 2021 జనవరి చివర్లో ఒకే వేలంలో రెండు ప్రతులు 7,38,000 డాలర్ల చొప్పున పోయాయి. ఏడాదిన్నర తిరిగేలోగా అదే కార్డు 2 లక్షల డాలర్ల చుట్టుపక్కలకు దిగింది.

ఇక్కడ మీ సగం ధర లెక్కను కాస్త పరీక్షించండి. శిఖరం నుంచి చూస్తే ఆ కార్డు నాలుగో వంతుకు పడింది, అంటే చవక. 2020 మొదట్లోని ధర నుంచి చూస్తే ఐదు రెట్లు, అంటే ఇంకా ఖరీదే. శిఖరాన ఉన్న ధరను కొలబద్దగా ఎంచుకోమని మీకు ఎవరు చెప్పారు? అమ్మేవారు చెప్పారు. ఆ ధర పలికింది కొన్ని వారాలు, కొనుగోలుదారులు కొద్దిమంది. ఏ కార్డునైనా చవకా ఖరీదా అని తూచేటప్పుడు 2019 ధరను పక్కన పెట్టుకుని చూడండి, 2021 ధరను మరిచిపోండి.

ఈసారి పంటకాలం ఎక్కడ ఉందంటే గ్రేడింగులో ఉంది. గ్రేడింగు అంటే కార్డు స్థితిని పరీక్షించి, 1 నుంచి 10 వరకు మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ కవచంలో సీలు వేయడం. ఒకే కార్డు విడిగా వంద డాలర్లుంటే, 10 మార్కుతో వెయ్యి పలకవచ్చు. కాబట్టి ధర పెరగగానే లక్షల మంది తమ డబ్బాలు వెతికి, మెరిసే కార్డులన్నీ తీసి పీఎస్‌ఏకు పంపారు. 2021 మార్చిలో ఆ సంస్థ చాలా సేవలను ఆపేయాల్సి వచ్చింది. అంతకు ముందు మూడు నెలల్లో వచ్చినన్ని కార్డులు మూడు రోజుల్లో వచ్చి పడ్డాయని చెప్పింది. వరుసలో ఉన్నవి కోటికి అటూ ఇటూ. ఈ కోటి కార్డులు నెలల తరబడి పెట్టెల్లో కూర్చున్నాయి. అంతకాలం బజారులో పదో గ్రేడు కార్డులు తక్కువగా కనిపించాయి, ధర నిలబడింది. తరువాత అవి తిరిగి రావడం మొదలైంది. ఒక్కొక్క యజమానికి తన కార్డు 10 అయిందన్న సంతోషం. అదే వారంలో అలాంటి మరో వెయ్యి కార్డులు 10 అయ్యాయన్నది ఎవరికీ కనిపించలేదు, ఈబేలో అమ్మకానికి పెట్టేదాకా.

అందుకే ఆ దెబ్బ కొత్త ఆటగాళ్ల మీద ఘోరంగా పడింది. జయన్ విలియమ్సన్ 2019లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు తొలి ఎంపిక, అంతా తరువాతి రాజు అన్నారు. మొదటి సీజనులో గాయంతో 24 ఆటలే ఆడాడు, 2021-22 సీజను మొత్తం బయటే కూర్చున్నాడు. ప్రిజమ్ అనే వరుసలో వచ్చిన అతని తొలి ఏడాది కార్డులు పదో గ్రేడులో వేలకు వేలు ఉన్నాయి. కొనేవారు తగ్గడం, సరుకు పెరగడం రెండూ ఒకేసారి జరిగితే ధరకు అడుగు ఉండదు. జోర్డాన్ కార్డు విషయం వేరు. 10 గ్రేడులో ఉన్నవి మూడు వందల పైచిలుకు, ఆ సంఖ్య ఇక పెద్దగా పెరగదు. అది కూడా పడింది, ఎందుకంటే ఏళ్ల తరబడి బీరువాలో దాచుకున్నవారు ఆ ధర చూసి బయటికి తీశారు. కానీ అది పడి ఒకచోట ఆగింది. మీ వ్యాపారి ఇస్తానంటున్న కార్డులు ఈ రెండు రకాల్లో దేనికి చెందుతాయో తెలుసుకోవడం కష్టం కాదు. గ్రేడింగు సంస్థల వెబ్‌సైట్లలో ఏ కార్డు ఏ మార్కుతో ఎన్ని ఉన్నాయో లెక్క ఉచితంగా దొరుకుతుంది. ఆరు నెలల తేడాతో రెండుసార్లు చూడండి. సంఖ్య పెరుగుతూనే ఉంటే పంట ఇంకా వస్తోందని అర్థం.

కంప్యూటర్ కార్డుల గురించి రెండు మాటలు చాలు. ఎన్‌బీఏ టాప్ షాట్ అనే వేదికలో బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఆట వీడియో తునక ఒకటి 2021 ఫిబ్రవరిలో 2,08,000 డాలర్లకు పోయింది. కొన్ని నెలల్లో ఆ బజారు కుప్పకూలింది. మన దేశంలో రారియో అనే క్రికెట్ వేదిక 2022 ఏప్రిల్‌లో 12 కోట్ల డాలర్ల పెట్టుబడి సంపాదించింది. అదే నెల నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను, జూలై నుంచి ఒక శాతం టీడీఎస్ వచ్చాయి. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దుకోవడం కూడా కుదరదు. కాగితం కార్డుకు కనీసం ముద్రణ ఖర్చయినా అడ్డుగా ఉంటుంది, వీటికి అదీ లేదు.

ఇక క్రికెట్. పాతదైతే చాలు ఖరీదు అనుకునేవారికి ఒక ఉదాహరణ. ఇంగ్లండులో విల్స్ సిగరెట్ కంపెనీ 1896లోనే క్రికెటర్ల కార్డులు వేసింది. ప్లేయర్స్ కంపెనీ 1930లలో వేసిన వరుసల్లో డాన్ బ్రాడ్‌మన్ ఉన్నాడు. ఇన్నేళ్లు గడిచినా ఆ బ్రాడ్‌మన్ కార్డులు సామాన్యుడు కొనగలిగే ధరలోనే ఉన్నాయి. కారణం, అవి భారీగా ముద్రణ అయ్యాయి, జనం వాటిని ఆల్బముల్లో జాగ్రత్తగా అతికించి దాచారు. దాచినవి మిగులుతాయి. మిగిలినవి అరుదు కావు.

మన దగ్గర సంగతి ఇంకా సన్నని బజారు. అమెరికాలో టాప్స్ ఏటా తప్పకుండా వేసినట్టు మన దేశంలో ఏ ఒక్క కంపెనీ దశాబ్దాల పాటు ఆపకుండా క్రికెట్ కార్డులు వేయలేదు. బబుల్‌గమ్ బొమ్మలు కొన్నేళ్లు, ట్రంప్ కార్డులు కొన్నేళ్లు, తరువాత టాప్స్ వారి క్రికెట్ అటాక్స్, ఆపై పానినీ. వీటిలో చాలావరకు పిల్లలు ఆడుకోవడానికి వేసినవి. ఒక ఆటగాడి తొలి కార్డు ఏది అన్న విషయంలోనే సేకర్తలు ఒక మాట మీద లేరు. ఆ ఒక్కటి తేలకపోతే దాని మీద పెద్ద ధర నిలబడదు. సచిన్‌కో కోహ్లీకో అభిమానులు కోట్లలో ఉన్నారు, నిజమే. కానీ అభిమాని టికెట్టు కొంటాడు, జెర్సీ కొంటాడు, రాత్రంతా టీవీ ముందు కూర్చుంటాడు. పదిహేను సెంటీమీటర్లు కూడా లేని అట్టముక్కకు లక్ష ఇచ్చే అలవాటు ఒక తరం పాటు చిన్నప్పటి నుంచి కార్డులు సేకరిస్తేనే వస్తుంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ కలిపి చూసినా లక్ష రూపాయల కార్డును వారంలోగా నగదుకు కొనగలవారు నాకు తెలిసినంతలో వేళ్ల మీద లెక్కకొస్తారు. ఆ అలవాటు రేపు పెరగవచ్చు. పెరిగినా లాభపడేది ఎవరూ దాచని పాత కార్డులే. ఇప్పుడు దాచడం కోసమే అమ్ముతున్న సీలు పెట్టెలకు ఆ లాభం చేరదు. మీ వ్యాపారి దగ్గర ఒకే రకం పెట్టెలు ఎన్ని ఉన్నాయో ఒకసారి అడిగి చూడండి. అవసరమైతే ఇంకో యాభై తెప్పిస్తానని చెబితే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

ఖర్చుల లెక్క కూడా చూడాలి, దీన్ని అమ్మేవారు ఎవరూ చెప్పరు. విదేశం నుంచి కార్డు తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం, డాలరు మార్పిడి తేడా. వేలం సంస్థల్లో కొంటే పలికిన ధర మీద సుమారు 20 శాతం అదనం. అమ్మేటప్పుడు ఈబే రుసుము సుమారు 13 శాతం, మళ్లీ రవాణా, బీమా. గ్రేడింగుకు అమెరికా పంపి తెప్పిస్తే ఆ ఖర్చు వేరే. నా అంచనాలో కార్డు ధర కనీసం పావు వంతు పెరిగితే తప్ప మీ అసలు మీకు రాదు. మీరు అడిగిన కాలం సంగతి కూడా ఇక్కడే. 1991 తరువాత అమెరికా బజారు మళ్లీ నిజంగా ఊపందుకోవడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. మూడు లక్షలను ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి పాతికేళ్లు మరిచిపోతే పన్నుకు ముందు పదహారు లక్షలు దాటుతుంది. బ్యాంకు రసీదుకు చెదలు పట్టవు.

అమెరికాలో ఇప్పుడు మళ్లీ ఉత్సాహం ఉంది, అది నిజం. 2025 ఆగస్టులో జోర్డాన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలున్న ఒకే ఒక్క కార్డు 1.29 కోట్ల డాలర్లకు పోయి మాంటిల్ రికార్డును దాటింది. మీ వ్యాపారి ఈ వార్తను కూడా చూపించే ఉంటారు. అది ఒకటే ఉన్న కార్డు వార్త, పదివేలున్న కార్డుకు దానితో సంబంధం లేదు. ఇంకో మార్పు గమనించండి. ఫనాటిక్స్ సంస్థ 2022 జనవరిలో టాప్స్‌ను కొనేసింది, పెద్ద లీగుల హక్కులు ఒక్కొక్కటిగా దాని చేతికి చేరాయి. అంటే 1980కి ముందున్నట్టు మళ్లీ దాదాపు ఒకే ముద్రాపకుడు. ఒక్కడే ఉంటే ముద్రణ అదుపులో ఉంటుందని కొందరి ఆశ. నాకు అంత నమ్మకం లేదు. పెట్టుబడిదారులకు ప్రతి ఏడాది ఎదుగుదల చూపించాల్సిన కంపెనీ తక్కువ ముద్రించి ఎంతకాలం ఓర్చుకుంటుంది?

అయినా కొనాలని మీ మనసు లాగుతుంటే, నా సలహా ఇది. మూడు లక్షల్లో పోయినా నిద్ర పట్టేంత మొత్తం, ముప్పై వేలో నలభై వేలో, పక్కన పెట్టండి. ఒకే కార్డు కొనండి. ఆట నుంచి విరమించిన ఆటగాడిది, గాయాలకూ ఫామ్‌కూ అతీతుడైనవాడిది. ఈబేలో అమ్మకానికి పెట్టిన ధరలు చూడకండి, అమ్ముడైన ధరల జాబితా చూడండి, వీలైనంత వెనక్కి. ప్లాస్టిక్ కవచం మీది సంఖ్యను గ్రేడింగు సంస్థ వెబ్‌సైటులో సరిచూడండి. నకిలీ కవచాల మీద అసలు కార్డుల సంఖ్యలే వేస్తున్నారు కాబట్టి సంఖ్య కలిసినంత మాత్రాన సరిపోదు, అక్కడి ఫొటోతో అంచులు, మచ్చలు పోల్చండి. ఇంటికి తెచ్చాక మన ఎండాకాలం దాని శత్రువు. నలభై నాలుగు డిగ్రీల్లో పై అంతస్తు అల్మరాలో పెడితే కార్డు విల్లులా వంగుతుంది, వానాకాలంలో తేమకు పొర లేస్తుంది. కింది అంతస్తులో గోడకు ఆనకుండా, సిలికా పొట్లం వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచండి.

అమ్మగారి ఇంట్లోని డబ్బా దగ్గరకు వస్తే, మీరు రాసినదాన్ని బట్టి అందులో కుస్తీ ట్రంప్ కార్డులు, క్రికెట్ ట్రంప్ కార్డులు, బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన ఆటగాళ్ల బొమ్మలు కలిసి ఉన్నాయి. ట్రంప్ కార్డులు విడిగా అయితే ధర రాదు, పూర్తి కట్ట, అసలు అట్టపెట్టెతో ఉంటే కొనేవారున్నారు, అదీ వందల్లోనే. బబుల్‌గమ్ బొమ్మల్లో మడత పడనివి, వెనక పరుగుల అంకెలు చెరగనివి ఉంటే వేరు చేసి ఉంచండి. వాటిని అప్పట్లో బడి సంచుల్లో వేసి నలిపేశాం, బహుమతి కోసం తిరిగి పంపేశాం, అందుకే మంచి స్థితిలో ఉన్నవి అరుదుగా కనిపిస్తాయి. వాటికి రబ్బరు బ్యాండ్లు వేసి ఉంటే వెంటనే తీసేయండి, కరిగి అంటుకుంటాయి. తుడవడం, ఇస్త్రీ చేయడం, అంచులు కత్తిరించడం ఏదీ చేయకండి. ఫొటోలు పెట్టదలుచుకుంటే ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో, కవరులోంచి బయటికి తీసి, ముందు వెనక రెండు వైపులా, నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. చూసి ఏవి విడిగా ఉంచాలో చెబుతాను.